స్టీరింగయ్య ఎంచిన టైర్లు

స్టీరింగయ్యకి ఈ లోకంలో నచ్చినవి రెండే. ఒకటి తాను, రెండోది తాను ముప్పయ్యొక్క ఏళ్లు నడిపిన సర్వే శాఖ జీపు. జీపుని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు కాబట్టి ప్రస్తుతం ఒకటే మిగిలింది.

అసలు పేరు ఇంట్లోవాళ్లకి కూడా సరిగ్గా గుర్తులేదు. ఆఫీసులో ఎవరో సరదాకి పెట్టిన పేరు రిటైరయ్యాక కూడా ఆయన వెంటే వచ్చేసింది. మిగతా జనమంతా ఆయన లెక్కలో బండి నడపడం రానివాళ్లు. బస్సు డ్రైవర్లు పడుకుని నడుపుతారు, లారీవాళ్లు తాగి నడుపుతారు, ఆడవాళ్లు అద్దం చూసుకుంటూ నడుపుతారు, కుర్రకారు ఫోను చూసుకుంటూ నడుపుతుంది. ఇక సొంత అల్లుడు ఎలా నడుపుతాడో చెప్పాలంటే ఆయనకి మాటలు చాలవు.

అల్లుడు పళ్ల డాక్టరు. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. స్టీరింగయ్య మనసులో ఆయన్ని ‘పళ్లాయన’ అనే పిలుచుకుంటాడు. పైకి మాత్రం ‘అల్లుడుగారూ’, ‘మీరు’. ఆ మర్యాదలో ఎంత వెటకారం పడుతుందో అంతా పట్టించేవాడు. ఈ పళ్లాయన ఆరు నెలల క్రితం ఎవరో వాడి వదిలేసిన ఫోర్ బై ఫోర్ బండి ఒకటి కొన్నాడు. కొని ఊరుకోలేదు. ఆదివారాలు పనిగట్టుకుని గుట్టలూ వాగులూ ఎక్కి దిగే ఒక క్లబ్బులో చేరాడు. వారమంతా ఏసీలో కూర్చుని, ఆదివారం బురదలో దిగబడి, ఆ బురదతో ఫొటో దిగి, మళ్లీ నీళ్లు కొట్టించి కడిగించుకునే సంఘం అది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? వీళ్లు ఆ రెండు పనులకీ చందా కట్టి మరీ వెళ్తున్నారని స్టీరింగయ్య విసుక్కునేవాడు.

అలాంటి క్లబ్బు రేపు ఆదివారం తొమ్మిది మలుపుల కొండకి వెళ్తోంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ స్టీరింగయ్యకి అన్నం సహించడం లేదు. అది ఆయన కొండ. సర్వే వాళ్లని, వాళ్ల గొలుసులని, మూడుకాళ్ల పీటలని వేసుకుని పదకొండేళ్లు ఎక్కిన దారి. ఏ మలుపులో ఏ రాయి ఎటు వంగి ఉంటుందో ఆయనకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. అమ్మాయికి ఆదివారం ల్యాబులో డ్యూటీ, కాబట్టి బండిలో ముందు సీటు ఖాళీ. ఆ సీట్లో కూర్చుని ఆ కొండ ఇంకొక్కసారి ఎక్కాలి. డెబ్బై రెండేళ్ల వయసులో ఆయనకి మిగిలిన కోరికల్లో నోరు తెరిచి చెప్పుకోదగ్గది ఇదొక్కటే. కానీ ఆ నోరే తెరుచుకోదు. అల్లుణ్ణి అడగడమా? అందులోనూ పళ్లాయన్నా? అడిగితే ఎక్కడ జాలిపడి సరేనంటాడో అన్నదే ఆయన భయం.

శనివారం పొద్దున్నే అల్లుడు తాళంచెవి పట్టుకుని వచ్చాడు.

“మావయ్యగారూ, బండికి కొత్త టైర్లు వేయిద్దామనుకుంటున్నా. ఆల్ టెర్రైన్ రకం. మీరూ వస్తే ధైర్యంగా ఉంటుంది.”

స్టీరింగయ్య పేపరు మడిచాడు. ఇదే అదను అనుకున్నాడు. తనెంత పనికొచ్చే మనిషో అల్లుడి కళ్లముందే చూపిస్తే, ‘మీరు లేకుండా ఆ కొండ నావల్ల కాదు, రండి’ అని వాడే బతిమాలుతాడు. అడగక్కర్లేకుండా పని అయిపోతుంది.

“నాదేముంది అల్లుడుగారూ, మాది పాతకాలం. మీరు ఫోనులో చూసే ఉంటారుగా,” అంటూనే చెప్పులు వేసుకున్నాడు.

టైర్ల షాపు చూడగానే ఆయనకి ఒళ్లు మండింది. టైర్లమ్మే చోట అద్దాల గదీ, మెత్తటి సోఫాలూ, కాఫీ ఇచ్చే యంత్రమూ. గోడ నిండా ఒక పెద్ద ఫొటో: మనిషన్నవాడు కనబడని మంచుకొండ కొసన టైరొక్కటే నిలబడి ఉంది. బండేదీ? లోయలో పడి ఉంటుంది, అనుకున్నాడు.

వరసగా నిలబెట్టిన టైర్లకి పేర్లు కూడా ఉన్నాయి. ఒకటి తోడేలట, ఒకటి పులిపంజా అట, ఇంకొకటి తుఫానట. పళ్లాయన ఈ తుఫానుని వేసుకుని రోజూ నాలుగు సిగ్నళ్లు దాటి క్లినిక్కుకి వెళ్తాడన్నమాట. ఒకదాని పక్కలకి పెద్ద పెద్ద తెల్ల అక్షరాలు పోసి ఉన్నాయి.

“ఈ అక్షరాలెందుకమ్మా?” అని షాపావిణ్ణి అడిగాడు.

“అందానికండీ. బయటివైపుకి వచ్చేలా బిగిస్తాం.”

“ఓహో. రాళ్లు చదువుకోవడానికేమో అనుకున్నా.”

షాపావిడ నవ్వి ఊరుకుంది. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని ఉంది. ఇలాంటి ముసలివాళ్లని రోజుకి ఇద్దరిని చూస్తుంది కాబోలు.

అల్లుడు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. తొమ్మిది రకాల టైర్లకి బురదకి ఇన్ని, ఇసకకి ఇన్ని, రాయికి ఇన్ని, తడి రోడ్డుకి ఇన్ని అని పదికి మార్కులు వేసి ఉన్నాయి.

“దీనికి రాయి మీద ఎనిమిది వచ్చాయి మావయ్యగారూ.”

“ఎవరేశారు? రాయా?”

అల్లుడు దానికి కూడా చిరునవ్వు నవ్వాడు. తర్వాత చొక్కా జేబులోంచి సన్నటి స్టీలు కడ్డీ ఒకటి తీసి, టైరు గాడిలోకి దింపి, వంగి లోతు చూడటం మొదలుపెట్టాడు. పళ్లలో పుచ్చులు వెతికే కడ్డీ అది! స్టీరింగయ్య కళ్లు మూసుకుని తెరిచాడు.

“ఏమైనా పుచ్చిందా అల్లుడుగారూ?”

“లేదండీ. పదకొండు మిల్లీమీటర్లుంది, బాగుంది.”

వెటకారం కూడా తలకెక్కని మనిషితో ఎలా వేగేదిరా భగవంతుడా అనుకున్నాడు. పిల్లనిచ్చేముందు బండి నడిపించి చూడాల్సింది, పళ్లు చూపించుకుని ఇచ్చేశాం.

షాపావిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. పూర్తిగా రోడ్డు టైరైతే కొండ మీద జారుతుంది. పూర్తిగా బురద టైరైతే రోడ్డు మీద రొద పెట్టి చంపుతుంది. ఈ ఆల్ టెర్రైన్ రెండింటికీ మధ్యరకం. కొండకీ పనికొస్తుంది, క్లినిక్కుకీ పనికొస్తుంది. బండితో వచ్చిన కంపెనీ సైజే తీసుకుంటే ఏ గొడవా ఉండదు.

“నేనూ అదే అనుకుంటున్నానండీ. సైజు మాత్రం పెంచొద్దు,” అన్నాడు అల్లుడు.

“మంచిది. పెద్దవాళ్లు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు…” అని షాపావిడ ఏదో అనబోయింది. అల్లుడు గట్టిగా దగ్గాడు. “అక్షరాలు నల్లవే చాలండీ, తెల్లవి వద్దు,” అని మాట మార్చేశాడు.

స్టీరింగయ్య ఆ దగ్గుని పట్టేశాడు. ఓహో, ఎత్తంటే భయం! ఈ ముక్క బయటపడకుండా దాస్తున్నాడు. ఇంత పిరికివాడు నా కొండ ఎక్కుతాడట.

పనివాడు కంపెనీ సైజు టైరొకటి దొర్లించుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతోంది. స్టీరింగయ్య దగ్గరికెళ్లి, దాన్ని తడమలేదు, తన్నలేదు. ముక్కు గాడిలో పెట్టి గట్టిగా పీల్చాడు.

“ముసలి సరుకు,” అన్నాడు.

“అయ్యో, మొన్ననే వచ్చింది పెద్దాయనా,” అంది షాపావిడ.

“మీ షాపుకి మొన్నొచ్చుంటుంది. పుట్టింది ఎప్పుడో చూడండి.”

షాపావిడ కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు వెతికింది. మొదటి రెండూ తయారైన వారం, తర్వాత రెండూ సంవత్సరం. చూసి, మళ్లీ చూసి, మొహం ఎర్రబడింది. టైరు పుట్టి నాలుగేళ్లు దాటింది. పైన నల్లటి పాలిష్ కొట్టి ఉంది. గోడౌనులో పాతవి కొత్తవాటితో కలిసిపోయాయని ఆవిడ రెండుసార్లు క్షమాపణ చెప్పుకుని, దాన్ని అక్కడి నుంచి తీయించేసింది.

“వాసనతో చెప్పేశారా మావయ్యగారూ!” అన్నాడు అల్లుడు నిజంగా నోరు తెరిచి. పంక్చర్లు వేసే ఇద్దరు మెకానిక్కులు కూడా చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చారు.

ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసులో స్టీరింగయ్యకి ఇంత మంది శ్రోతలు ఎప్పుడూ దొరకలేదు. మనిషి ఒక్కసారి సరిగ్గా చెప్పడం చాలా ప్రమాదం. ఆ తర్వాత ఏం చెప్పినా వింటారు, చెప్పేవాడికీ ఆగాలనిపించదు.

“ఈ సైజు దండగ. ఆ మూలనున్నది తియ్యండి,” అని వేలు చూపించాడు. అది రెండంగుళాలు పెద్ద టైరు.

“అది వేయాలంటే మడ్‌గార్డుకి రాసుకోకుండా స్ప్రింగులు కూడా పైకెత్తాలండీ. మొత్తమ్మీద బండి మూడంగుళాలు లేస్తుంది,” అంది షాపావిడ.

“లేవనివ్వండి. ఏడో మలుపులో అడ్డంగా ఒక బండరాయుంది. మా జీపు కడుపు దానికి ఎన్నిసార్లు రాసుకుందో నాకు తెలుసు, మీకు తెలుసా?”

“మీ పాత జీపు కంటే ఈ బండి కడుపు ఇప్పటికే ఎత్తులో ఉంది పెద్దాయనా.”

“మీరెప్పుడైనా ఎక్కారా ఆ కొండ?”

ఎక్కలేదని ఆవిడ ఒప్పుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని తేలిపోయింది కాబట్టి స్టీరింగయ్య ఇంకో అడుగు ముందుకేశాడు.

“ఆ ఫుట్‌బోర్డులు కూడా పీకించెయ్యండి. బండికి మెట్లేమిటి, మేడకి వేసినట్టు! రాయి తగిలితే ముందు వంగేది అవే.”

అల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. “మావయ్యగారూ, ఎత్తు పెరిగితే మన ఇంట్లోవాళ్లకి కొంచెం ఇబ్బందేమో…”

“ఎవరికి ఇబ్బంది? మా అమ్మాయికా? అది జీపు టాపు మీద కూర్చుని పెరిగిన పిల్ల.”

“తనకి కాదండీ…”

“మరి? మీకా?” స్టీరింగయ్య మెకానిక్కుల వైపు తిరిగాడు. “ఎత్తంటే భయమైతే కొండలెందుకు చెప్పండి? హాయిగా పళ్లు పీక్కుంటూ కూర్చోవచ్చుగా!”

మెకానిక్కులు పకపకా నవ్వారు. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి, ఒకసారి మామగారి కాళ్ల వైపు చూసి, తలదించుకుని, “మావయ్యగారు చెప్పినట్టే వేసేయండి,” అన్నాడు.

ఫుట్‌బోర్డుల బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పాడవకుండా ఊడదీయాలంటే సోమవారం దాకా ఆగమన్నారు. “కోసి పారెయ్యండయ్యా,” అన్నాడు స్టీరింగయ్య. మెకానిక్కు గ్యాసు మంట పెట్టి కోసేశాడు. మిగతా పని సాయంత్రం దాకా పడుతుందన్నారు. అల్లుడు అద్దె కారు పిలిపించి ఆయన్ని భోజనానికి ఇంటికి పంపించాడు.

ఆ మధ్యాహ్నమంతా స్టీరింగయ్య కూతురికి టైరు వాసన కథ చెప్పాడు. మొదటిసారి ఆవిడ మెచ్చుకుంది. రెండోసారి ఊఁ కొట్టింది. మూడోసారికి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏ టైర్లు వేయించారో మాత్రం ఆయన చెప్పలేదు, వచ్చాక చూసి ఆశ్చర్యపోనీ అని ఊరుకున్నాడు. చెవి మాత్రం గుమ్మం వైపే ఉంది. అల్లుడు అడుగుతాడా, అడగడా? ఇంత చేసినా అడక్కపోతే వాడు మనిషే కాదు.

ఐదున్నరకి బండి వచ్చి ఇంటి ముందు ఆగింది. నిజం చెప్పాలంటే చూడటానికి బాగానే ఉంది. అల్లుడు దిగలేదు, దూకాడు. ఇటుపక్కకి వచ్చి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“మావయ్యగారూ, రేపు ఈ సీటు మీదే. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. పొద్దున్నే అడుగుదామనుకున్నా గానీ, టైర్లు వేయించాక చెబితే బాగుంటుందని ఆగాను.”

‘చూద్దాంలే’ అని బెట్టు చేద్దామనుకున్న స్టీరింగయ్య ఆ మాట కూడా మరిచిపోయి గబగబా నాలుగడుగులు వేశాడు. పైన పిడి పట్టుకున్నాడు. కుడికాలు ఎత్తాడు.

కాలు సగందాకా లేచి ఆగిపోయింది. మోకాలు మడత పడలేదు. పాదం గాల్లో దేనికోసమో వెతికింది. పొద్దున షాపుకి వెళ్లేటప్పుడు ఎక్కించిన మెట్టు ఇప్పుడక్కడ లేదు. దించి, ఎడమకాలు ఎత్తాడు. అది అంతకూడా లేవలేదు. పట్టు జారి, తలుపు మీద వాలాడు.

కూతురు గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. బండిని కిందనుంచి పైదాకా చూసింది.

“ఏమండీ, నేనేం చెప్పి పంపించాను? నాన్న మోకాళ్లు లేవవు, ఎత్తు పెంచే టైర్లు మాత్రం తేవద్దు అన్నానా లేదా? ఆ ఫుట్‌బోర్డు ఏది? ఉన్నదే ఆయన ఎక్కడానికి కదా!”

అల్లుడు మామగారి మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాడు.

“మిమ్మల్నే! అక్కడే చెప్పొచ్చుగా ఆ మాట?”

“నలుగురూ ఉన్నారు,” అన్నాడు అల్లుడు మెల్లగా. “అందరి ముందూ మావయ్యగారి మోకాళ్ల గురించి ఎలా మాట్లాడను?”

స్టీరింగయ్య విన్నాడు. షాపులో దగ్గిన దగ్గు ఇప్పుడర్థమైంది. పిరికివాడని తాను నలుగురిలో నవ్వించిన మనిషి ఆ నవ్వంతా తన మీదేసుకుని, మామగారి మోకాళ్ల మాట మాత్రం బయటపడనివ్వలేదు. ఆయనకి సిగ్గేసింది. ఊరికే కాదు, చెంప మీద కొట్టినట్టు వేసింది. ఇన్నేళ్లలో ఎంతోమందిని తెలివితక్కువవాళ్ల కింద జమకట్టాడు. ఆ జాబితాలో మొదట రాయాల్సిన పేరే మరిచిపోయాడు.

“పోనీలెండి మావయ్యగారూ. షాపు రేపు సెలవు. సోమవారం అన్నీ మార్పించేస్తా. రేపటికి మనం మానేద్దాం,” అన్నాడు అల్లుడు.

“మీరెందుకు మానడం? వెళ్లండి.”

“మీరు లేకుండా నేను ఎక్కలేనండీ. ఆ దారి నాకేం తెలుసు? మా మావయ్యగారు పక్కన ఉంటారని చెప్పే క్లబ్బులో పేరిచ్చాను.”

స్టీరింగయ్య నాలుక చివరకి పాత మాటే వచ్చింది. “అయినా ఆ ఫొటోల సంతలో నాకేం పని…” అని మొదలుపెట్టాడు కూడా.

“నాన్నా,” అంది కూతురు. “చాలు.”

ఆయన ఆగాడు. అందని ద్రాక్ష పులుపని అనడానికి కూడా ఓపిక కావాలి. బండి వైపు, ఖాళీ సీటు వైపు, అల్లుడి మొహం వైపు చూశాడు.

“వంటింట్లో స్టూలుందిగా. పట్రా,” అన్నాడు.

స్టూలు వేశారు. కూతురు అటువైపు నుంచి లోపలికెక్కి రెండు చేతులూ పట్టి లాగింది. అల్లుడు కిందనుంచి భుజం పెట్టి ఎత్తాడు. మొదటిసారి స్టూలు పక్కకి ఒరిగింది. రెండోసారి చెప్పు జారి కింద పడింది. ఎదురింటాయన మొక్కలకి నీళ్లు పెట్టడం మానేసి గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూడోసారికి స్టీరింగయ్య బియ్యం బస్తాలాగా సీట్లోకి వచ్చి పడ్డాడు. ఊపిరి అందాక తల ఎత్తి ముందుకి చూశాడు. అద్దంలోంచి వీధి చివరిదాకా కనిపిస్తోంది. ఆ క్షణంలో ఆయనకి మోకాళ్ల నొప్పి తెలియలేదు.

“దారిలో ఎన్నిసార్లు ఆపుతారు?” అని అడిగాడు.

“టిఫినుకి ఒకసారి, భోజనానికి ఒకసారి. ఫొటోలకి ఓ రెండు మూడు సార్లు. అందరూ దిగుతారు. స్టూలు వెనకాల వేసుకుందాం మావయ్యగారూ, ఏం ఫరవాలేదు.”

క్లబ్బువాళ్లంతా చుట్టూ నిలబడి ఉండగా, స్టూలు మీద తనని ఇలా ఐదుసార్లు ఎత్తి పడేయడం స్టీరింగయ్యకి కనబడింది. వాళ్ల చేతుల్లో ఫోన్లు కూడా కనబడ్డాయి.

“స్టూలు వద్దు. పొద్దున ఒకసారి ఎక్కుతా, సాయంత్రం ఇంటి దగ్గరే దిగుతా,” అన్నాడు.

“అంతసేపు ఎలాగండీ?”

“అది నా సంగతి.”

మర్నాడు పొద్దున ఐదింటికి కూతురు కాఫీ తెచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. కాఫీ లేనిదే మంచం దిగని మనిషి. గ్లాసు అందుకున్నాడు, వాసన చూశాడు, తిరిగి ఆవిడ చేతిలో పెట్టేశాడు.

“సాయంత్రం తాగుతాలే.”

“పోనీ మంచినీళ్లు?”

తల అడ్డంగా ఊపాడు. తాగితే దారిలో దిగాల్సి వస్తుందని భయమన్నమాట. కూతురికి అర్థమైంది. గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తొమ్మిది మలుపులూ ఎక్కేసరికి మనిషి గొంతు ఎంత ఎండిపోతుందో ఆ ఇంట్లో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.